పొడుపు కథ విప్పితే పొయ్యి ఆరిపోతుందా?

ఆడవాళ్ళు ఏ పని చేసినా దానికో పేరు పెట్టటం మన ఇళ్ళల్లో ఆనవాయితీ. నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే "అమ్మలక్కల కబుర్లు". ఒక్కతే కూర్చుని పుస్తకం చదువుకుంటే "ఇల్లు పట్టని మనిషి". ఇక నలుగురూ కలిసి, అదీ ఫోన్లో, అదీ రాత్రి పదింటికి, ఒక చిక్కుముడి విప్పుకుంటున్నారంటే దానికి పేరు పెట్టే ఓపిక కూడా ఎవరికీ ఉండదు. "పనీపాటా లేకపోతే సరి!" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

నా పేచీ ఆ ముక్కతోనే.

ముందు ఆ ఆటేమిటో చెప్పుకుందాం. దీన్ని ఆల్టర్నేట్ రియాలిటీ గేమ్ అంటారు. మనం మారులోకపు ఆట అనుకుందాం. దీనికి పావులు లేవు, పాచికలు లేవు, "ఇది ఆట సుమండీ" అని ముందుగా చెప్పేవాళ్ళు కూడా లేరు. ఒక కథ ఉంటుంది. అందులో ఎవరో మాయమైపోయి ఉంటారు, లేదా ఎవర్నో ఎవరో చంపి ఉంటారు. ఆ కథని ముక్కలు ముక్కలుగా కోసి, ఒక ముక్క ఇంటర్నెట్లో, ఒక ముక్క ఉత్తరంలో, ఇంకో ముక్క ఫలానా నంబరుకి ఫోన్ చేస్తే వినిపించే గొంతులో దాస్తారు. తోలుబొమ్మలాటలోలాగా ఆడించేవాళ్ళు తెర వెనకే ఉంటారు. ముక్కలన్నీ ఏరుకొచ్చి అతికించుకోవటం ఆడేవాళ్ళ వంతు.

2001లో స్పీల్‌బర్గ్ తీసిన "ఏ.ఐ." సినిమా విడుదలకి ముందు ఇలాంటి ఆట ఒకటి పెట్టారు. సినిమా పోస్టరు మీద సాంకేతిక నిపుణుల పేర్ల మధ్య చిన్న అక్షరాలతో జీనీన్ సల్లా అని ఒక పేరు. ఆవిడ వృత్తి, ఆలోచించే యంత్రాలకి మానసిక చికిత్స చెయ్యటమట! సినిమాకి అలాంటి డాక్టరమ్మ ఎందుకూ అని అనుమానం వచ్చి వెతికినవాళ్ళకి ఒక పెద్ద హత్య కథ తగిలింది. వెతికేవాళ్ళంతా "క్లౌడ్‌మేకర్స్" అని ఒక గుంపు కట్టారు. ఏడు వేల మందికి పైగా చేరారు. ఆట తయారుచేసినవాళ్ళు కొన్ని ముడులు ఒక్కరోజులో, కొన్ని వారంలో, కొన్ని నెలల తరబడి విప్పుతారని లెక్కేసుకున్నారు. ఈ గుంపు అన్నిటినీ ఒక్కరోజులోనే విప్పి పారేసింది! తెర వెనకవాళ్ళు కంటిమీద కునుకు లేకుండా కొత్త ముడులు వెయ్యాల్సి వచ్చింది.

ఆ ఏడు వేల మందీ మహా మేధావులని కాదు. ఒకరికి సంగీతం తెలుసు, ఒకరికి రసాయనశాస్త్రం తెలుసు, ఒకరికి పాత భాష ఏదో తెలుసు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలీదు. అందరికీ తెలిసింది కలిపితే తెలియనిదంటూ మిగల్లేదు. అంతే రహస్యం.

ఈ రహస్యం మనకి కొత్తా చెప్పండి? అష్టావధాన సభకి వెళ్ళినవాళ్ళకి తెలుసు, పృచ్ఛకులు ఎనిమిది మంది ఎనిమిది వైపుల నుంచి ఎలా ముడులు వేస్తారో. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, ఒకరు ఫలానా అక్షరం వాడొద్దంటారు, ఇంకొకరు అప్రస్తుత ప్రసంగంతో మాట మళ్ళిస్తారు. సభంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది. దాన్ని మనం పాండిత్యం అన్నాం, శాలువాలు కప్పాం. వారపత్రికల్లో గళ్ళ నుడికట్టు వచ్చిన రోజుల్లో దానికోసం ఇంట్లో కొట్టుకుచచ్చేవాళ్ళు. నిలువు మూడు అమ్మమ్మ చెబితే, అడ్డం ఏడు అన్నయ్య చెప్పేవాడు. దాన్ని భాషాసేవ అన్నాం. అదే పని కోడలు ఫోన్లో చేస్తే మాత్రం కాలహరణమా?

ఇంకో సంగతి. వాత్స్యాయనుడు అరవైనాలుగు కళల జాబితా రాసి, వాటిని స్త్రీలు నేర్చుకోవాలన్నాడు. అందులో వంటా ఉంది, పూలదండలు కట్టటమూ ఉంది. అక్కడిదాకా మనవాళ్ళకి బాగా గుర్తు. వాటి పక్కనే ప్రహేళికలు విప్పటం, రహస్య లిపిలో రాయటం కూడా ఉన్నాయి. ఆ రెండూ ఎవరికీ గుర్తు లేవు! గుర్తుంటే పెళ్ళిచూపుల్లో "అమ్మాయి పాడుతుందా?" అని అడిగినట్టే "అమ్మాయి సంకేతాలు విప్పుతుందా?" అని కూడా అడిగేవాళ్ళు.

నిజానికి పాడే అమ్మాయికి విప్పటం కూడా వచ్చు. మేళకర్త రాగాల పేర్లు చూడండి. "మేచకల్యాణి" అన్న పేరులో మొదటి రెండు అక్షరాలు మ, చ. కటపయాది లెక్కలో మ అంటే 5, చ అంటే 6. తిరగేసి చదివితే 65. ఆ రాగం వరస సంఖ్య అదే. "ధీరశంకరాభరణం"లో ధ అంటే 9, ర అంటే 2. తిరగేస్తే 29. పేరులో అంకెని దాచిపెట్టటమంటే అది సంకేతం కాక మరేమిటి? సంగీతం మాస్టారి దగ్గర ఈ లెక్క నేర్చుకున్న ఆడపిల్ల తెలియకుండానే గూఢలిపి నేర్చుకున్నట్టు.

యుద్ధాలొచ్చినప్పుడు ఈ విద్య విలువ తెలిసింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల రహస్య లిపులు విప్పటానికి బ్రిటిష్‌వాళ్ళు బ్లెచ్లీ పార్కులో పెట్టిన కేంద్రంలో పనిచేసినవాళ్ళలో నూటికి డెబ్బై అయిదు మంది దాకా ఆడవాళ్ళే. 1942లో ఒక దినపత్రిక నుడికట్టు పోటీ పెడితే, అందులో రాణించిన కొందరిని ఆ పనికి పిలిపించారు. అప్పుడు మాత్రం ఎవరూ "పనీపాటా లేదా" అని అడగలేదు.

సరే, పాత కథలు వదిలేసి మన మాదాపూర్‌కి వద్దాం. 1998లో ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు చుట్టూ బండరాళ్ళూ తుప్పలూను. ఇప్పుడు రాయదుర్గం దాకా మెట్రో వచ్చింది, దుర్గం చెరువు మీద తీగల వంతెన వచ్చింది, అద్దాల మేడలకి లెక్కే లేదు. ఆ మేడల్లోని కంపెనీలు తమ ఉద్యోగుల్ని పనిగట్టుకుని ఏం ఆడిస్తున్నాయో తెలుసా? ఇవే ఆటలు! ఓ గదిలో పెట్టి తాళం వేసి, ఆధారాలు వెతుక్కుని గంటలో బయటపడమంటారు. కరోనా రోజుల్లో అందరూ ఇళ్ళల్లో ఉంటే, అదే ఆట తెర మీద ఆడించారు. దానికి డబ్బు కంపెనీ కడుతుంది. దాని పేరు "టీమ్ బిల్డింగ్". అబ్బాయి ఆడొచ్చి "ఇవాళ ఆఫీసులో భలే పజిల్ విప్పామమ్మా" అంటే తల్లి మురిసిపోతుంది. అదే ఇంట్లో కోడలు రాత్రి అంట్లు సర్దేసి, మియాపూర్‌లో ఉన్న స్నేహితురాలితో, డల్లాస్‌లో ఉన్న ఆడపడుచుతో కలిసి అలాంటి పజిలే విప్పితే "ఆ ఫోనుకి నిప్పు పెట్ట!" అంటారు.

జీతమిచ్చేవాడు ఆడిస్తే నైపుణ్యమూ, మన ఇష్టంతో మనం ఆడుకుంటే సోమరితనమూనా? ఐపీఎల్ రోజుల్లో అర్ధరాత్రి దాకా టీవీ ముందు కూర్చునే మగవాళ్ళని ఎవరైనా పనీపాటా గురించి అడిగారా? వాళ్ళు చూడటమే చేస్తారు. ఈవిడ బుర్ర పెట్టి ఆడుతోంది. ఎవరి కాలం వృథా అవుతోందో మీరే చెప్పండి.

ఈ ఆటల చరిత్రలో ఆడవాళ్ళు వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా కాదు. లండన్‌లో తయారైన "పెర్‌ప్లెక్స్ సిటీ" అనే ఆటకి ముఖ్య రచయిత్రి నవోమీ ఆల్డర్‌మన్. తర్వాత ఆవిడ నవలకి 2017లో పెద్ద బహుమతి వచ్చింది. ఆ ఆటలోనే ఒక చీటీ ఉంది. దాని మీద ఒక జపాన్ మనిషి ఫోటో, "నన్ను కనుక్కోండి" అని జపాను భాషలో ఒక మాట. దానికి తోడు తెలిసింది సతోషి అన్న పేరు. అంతే! లోకంలో ఉన్న కోట్ల మందిలో ఆయన్ని పట్టుకోవాలి. 2006లో లారా హాల్ అనే ఆవిడ ఆ వెతుకులాటకి ఇంటర్నెట్లో ఒక చోటు ఏర్పాటు చేసింది. ఏళ్ళు గడిచాయి, ఆటే ముగిసిపోయింది, ఆవిడ మాత్రం దీపం ఆర్పలేదు. చివరికి 2020 డిసెంబరులో జర్మనీలో ఒకాయన ముఖాలు పోల్చే సాధనంతో ఆయన్ని పట్టుకున్నాడు. పద్నాలుగేళ్ళ ఓపిక! ఊరగాయ జాడీని ఏడాది పొడుగునా కాపాడే చేతులకి ఆ ఓపిక విలువ నేను చెప్పాలా?

ఇక అసలు అభ్యంతరానికి వస్తాను. "ముక్కూ మొహం తెలియనివాళ్ళతో ఆటలేమిటి? రోజులు బాగాలేవు" అంటారు పెద్దవాళ్ళు. ఈ మాటని నేను తేలిగ్గా తీసుకోను. భయానికి కారణాలున్నాయి. 2017లో బ్లూ వేల్ అన్న పేరు వినగానే తల్లుల గుండెలు జారిపోయాయి. ఆ ఆట వల్లే చావులు జరిగాయనటానికి ఆధారం దొరకలేదని 2018లో ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. కానీ ఆ భయం మాత్రం మిగిలిపోయింది. డబ్బు పెట్టి ఆడే రమ్మీలు కొంపలు కూల్చాయి. వాటిని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల మీద 2025లో కేంద్రమే చట్టం చేసింది. అది మంచిదే. పైసా పందెం లేని పజిల్ని తీసుకెళ్ళి ఆ గాటన కట్టేస్తే మాత్రం ఒప్పుకోను.

ఇప్పుడు సైబరాబాద్‌లో నిజంగా కొంపలు ముంచుతున్నదేమిటో చూడండి. ఫోన్ మోగుతుంది. వీడియోలో పోలీసు దుస్తుల్లో ఒకడు. మీ పేరు మీద మత్తుమందుల పార్సెల్ వచ్చిందంటాడు. దొంగ వారంటు చూపిస్తాడు, దొంగ కోర్టు కూడా చూపిస్తాడు. "డిజిటల్ అరెస్టు" చేశామంటాడు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో దీని గురించే హెచ్చరించారు. 2023లో హైదరాబాద్ పోలీసులు ఒక ముఠా గుట్టు విప్పారు. రేటింగులు ఇస్తే డబ్బులిస్తామని మొదలుపెట్టి ఆ ముఠా చేతులు మార్చింది 712 కోట్లు!

బాగా గమనించండి. ఇదీ మారులోకపు ఆటే. ఇక్కడా కల్పిత పాత్రలున్నాయి, కల్పిత పత్రాలున్నాయి, తెర వెనక ఆడించేవాళ్ళున్నారు. తేడా ఒక్కటే. నిజమైన ఆట "పదిమందినీ పిలు, కలిసి విప్పు" అంటుంది. ఈ దొంగాట మొట్టమొదట చెప్పే మాట "ఎవరికీ చెప్పకు, తలుపు వేసుకో, కెమెరా ఆపకు". వాడికి కావలసింది ఒంటరి మనిషి. నలుగురి చెవిన పడిన క్షణాన వాడి నాటకం ముగుస్తుంది.

అలాంటప్పుడు ఇంటి ఇల్లాలికి అన్నిటికన్నా పెద్ద రక్షణ ఏమిటి? ఫోన్ లాగేసుకోవటమా? అర్ధరాత్రయినా సరే "ఇదిగో, ఇలా ఒక మెసేజి వచ్చింది, నీకేమనిపిస్తోంది?" అని అడగటానికి నలుగురు ఉండటమా? వారానికి రెండు రాత్రులు దొంగ ఉత్తరాలు పరీక్షించి, ఈ చిరునామా ఎందుకు తేడాగా ఉంది, ఈ ముద్ర నిజమేనా అని వాదించుకునే ఆడవాళ్ళ దగ్గర ఆ దొంగ పోలీసు ఎంతసేపు నిలుస్తాడు? వాళ్ళు వాడి వారంటులో అక్షర దోషాలు దిద్ది, 1930 నంబరుకి ఫోన్ చేసి చెప్పేస్తారు. చాటున ఒంటరిగా ఆడేవాళ్ళకి ఆ నలుగురూ ఉండరు. ఆటని చాటుకి తరిమింది ఎవరంటే, "పనీపాటా లేదు" అన్నవాళ్ళే.

ఈ ఆటలకి హద్దు అక్కర్లేదని నేననను. క్లౌడ్‌మేకర్స్ గుంపులోనే, 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ జంట భవనాలు కూలినప్పుడు, కొందరు "దీన్ని కూడా మనం విప్పుదాం" అని బయల్దేరారు. వేలమంది చచ్చిపోయిన చోట అది పజిలు కాదని గుంపు నడిపేవాళ్ళే ఆపాల్సి వచ్చింది. ఆటకీ బతుక్కీ మధ్య గీత చెరిగిపోవచ్చు. అలా చెరిగినప్పుడు "ఇక్కడ ఆగుదాం" అనే మనిషి గుంపులో ఒకరుండాలి. ఆ మాట అనటం మనవాళ్ళకి కొత్త కాదు. పాలు పొంగే క్షణం కనిపెట్టి మంట తగ్గించటం రోజూ చేసే పనే కదా!

కాబట్టి అత్తగార్లకీ భర్తలకీ నేను చెప్పేది ఇంతే. రాత్రి ఆవిడ ఫోన్ పట్టుకుని కాగితం మీద ఏవో గళ్ళు గీస్తుంటే దీర్ఘాలు తియ్యకండి. ఎవరితో ఆడుతోందో అడగండి, ఎక్కడ చిక్కుకుందో అడగండి. పంచాంగం తెలిసిన అత్తగారు ఒక తిథి చెబితే ముడి విడిపోవచ్చు. లెక్కలొచ్చిన మామగారు ఒక సంఖ్య చెప్పొచ్చు. కావాలంటే పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి, చోటిస్తారు. కూర్చునే ఓపిక లేదంటారా, కనీసం ఆ పూటకి కాఫీ మీరు కలపండి. పొయ్యి ఏమీ ఆరిపోదు!