గదికి అద్దె, అన్నానికి కాదు

అండమాన్ దీవులంటే మన తెలుగువాళ్ళలో చాలామందికి రెండే విషయాలు తెలుసు. ఒకటి, 1906లో కట్టడం పూర్తయిన సెల్యులర్ జైలు. రెండోది, అల్పపీడనం. కార్తీకమాసం వచ్చేసరికి "అండమాన్ సముద్రంలో అల్పపీడనం ఏర్పడింది" అని వార్తల్లో చెప్పడం, కోస్తా రైతు కోతకొచ్చిన చేను కేసి దిగులుగా చూడడం మనకి మామూలే. ఆ అల్పపీడనం పుట్టేచోట కూడా మనుషులుంటారనీ, వాళ్ళ ఇళ్ళల్లోనూ పొయ్యిలు వెలుగుతాయనీ మనకి తోచదు.

పోర్ట్ బ్లెయిర్‌కి (2024లో దానికి శ్రీ విజయపురం అని పేరు పెట్టారు) సుమారు 40 కిలోమీటర్ల దూరాన నీల్ అనే ద్వీపం ఉంది. 1857 తిరుగుబాటును కర్కశంగా అణచిన జేమ్స్ నీల్ అనే ఇంగ్లీషు సేనాని పేరు అది. 2018 డిసెంబరు 30న దాన్ని షహీద్ ద్వీప్‌గా మార్చారు. విస్తీర్ణం సుమారు 14 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల్లో అక్కడున్నవాళ్ళు మూడు వేల పైచిలుకు. సైకిలెక్కితే ఒక్కపూటలో చుట్టి రావచ్చు.

ఇక ఊళ్ళ పేర్లు వింటే నాబోటి తెలుగు మేష్టరుకి ప్రాణం లేచొస్తుంది. రామనగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణపూర్! నాకు కనిపించిన బోర్డుల్లో శత్రుఘ్నుడి పేరు మాత్రం లేదు, పాపం. ఈ రామాయణంలో కాపురమున్నవాళ్ళు చాలామట్టుకు బెంగాలీలు. తూర్పు పాకిస్తాన్ నుంచి కాందిశీకులై వచ్చినవాళ్ళకి 1960 దశకంలో ప్రభుత్వం ఇక్కడ భూమి ఇచ్చింది. అడవి కొట్టుకుని సేద్యం చేసుకోమంది. చేసుకున్నారు. ఇవాళ అండమాన్ బజార్లకి కూరగాయలు పంపే ద్వీపాల్లో దీనిదే పెద్ద పేరు. లక్ష్మణపూర్ ఒడ్డున సముద్రం తొలిచిన రాతి కమాను ఒకటుంది. దాన్ని వాళ్ళు హౌరా బ్రిడ్జి అంటారు. ఇల్లు పోగొట్టుకున్నవాడు రాయికైనా తెలిసిన పేరే పెట్టుకుంటాడు.

2022 డిసెంబరులో నేనూ, మా ఆవిడా ఈ ద్వీపమంతా చూసి, సాయంత్రం స్టీమరు అందుకుందామని జెట్టీకి వచ్చాం. మనకి చిరకాల పరిచితమైన అల్పపీడనం మాకంటే ముందే వచ్చి కూర్చుంది. సముద్రం బాగా లేదు, స్టీమరు రాదన్నారు. అక్కడ ఆ రోజుల్లో అయిదు గంటలకే సూర్యుడు దిగిపోతాడు. మాలాగే చిక్కుపడినవాళ్ళంతా హోటళ్ళ మీద పడ్డారు. మేం వెళ్ళేసరికి ప్రతిచోటా ఒకటే మాట: గదుల్లేవు.

అప్పుడు వినిపించింది, వెనకనుంచి, "ఏ వూరు బాబూ తమది?" అని.

చేపల బుట్ట పక్కన పెట్టుకుని నిలబడ్డ కుర్రవాడు. పాతికేళ్ళుంటాయి. శ్రీకాకుళం వైపు నుంచి వలస వచ్చిన మత్స్యకారులు పోర్ట్ బ్లెయిర్‌లో ఎందరో ఉన్నారు. ఇతని తాత కళింగపట్నం దగ్గిర పల్లెనుంచి వచ్చాడట.

"కళింగపట్నం చూశావుటోయ్?" అన్నాను.

"నేదు బాబూ. ఇక్కడే పుట్టినాను. అయితే మాత్రం, మా వూరంటే అదే గదా!" అని, "రండి, మా ముసలాయనింటికి ఎల్దాం" అంటూ మా సంచీ అందుకున్నాడు.

ముసలాయన అంటే అతని తండ్రి కాబోలనుకున్నాం. కాదు. భరత్‌పూర్‌లో కూరగాయలు పండించుకునే బెంగాలీ రైతు. డెబ్బయ్యేళ్ళ వయసు. ఇంటి వెనక రెండు గదులు వేసి యాత్రికులకి అద్దెకిస్తాడు. అందులో ఒకటి ఖాళీగా ఉంది. గదికి ఎనిమిది వందలు అన్నాడు. బేరం లేదు. ఆధార్ కార్డు నంబర్లు రిజిస్టర్లో ఎక్కించుకున్నాడు. సొమ్ము ముందే పుచ్చుకుని, చిల్లరతో సహా లెక్క సరిచూసుకున్నాడు. నేను మేష్టర్నని కుర్రవాడు చెప్పగానే "మాస్టర్‌మొశాయ్!" అని చేతులు జోడించాడు గాని, అద్దె మాత్రం తగ్గించలేదు.

ఎనిమిదింటికి భోజనానికి పిలిచారు. వంటింట్లోనే పీటలు వేశారు. అన్నం, మసూరు పప్పు, ఆవ పెట్టిన చేపల పులుసు. పనసపొట్టుకి ఆవ పెట్టడం మనకి తెలుసు గాని, చేపకి పెట్టడం చూడండి! మా ఆవిడ చేపలు తినదని సైగలతో తెలుసుకుని ఆ ఇంటి ఇల్లాలు అప్పటికప్పుడు వంకాయ చక్రాలు వేయించి వడ్డించింది.

చెయ్యి కడుక్కుని, భోజనానికెంత అని అడిగాను. ముసలాయన తల అడ్డంగా ఊపాడు. కుర్రవాడు ఆయన మాటని తెలుగు చేశాడు: "గది మీలాంటోల్ల కోసం కట్టినాడంట. అన్నం వాల్ల కోసం వండుకున్నాదంట. వాల్ల కోసం వండుకున్నది ఎలాగమ్ముతాడు బాబూ?"

తరవాత ఆయనే చెప్పాడు. తండ్రి చెయ్యి పట్టుకుని ఈ ఒడ్డున దిగినప్పుడు తాను చిన్నవాడు. చీకటి, వాన. తలుపు తడదామంటే ద్వీపంలో తలుపున్న ఇల్లు లేదు. అంతే చెప్పాడు. ఇంకేమీ అనలేదు.

కొడుకు గుమ్మంలో నిలబడి వింటున్నాడు. అతనిది వేరే మాట. "నాన్న చెప్పింది ఒక రాత్రికి బాగానే ఉంటుంది. బియ్యం, నూనె, గ్యాసు అన్నీ ఓడ దాటి రావాలి. సీజన్లో రోజూ జనం వస్తారు. అందరికీ ఎవరు పెడతారు?" అన్నాడు. వచ్చే ఏడు భోజనం ధర కూడా బోర్డు మీద రాయిస్తాడట. అతను చెప్పింది నేను కాదనలేను.

అన్నం అమ్మడం మనకి కొత్తా ఏమిటి? ఓరుగల్లులో రూక పుచ్చుకుని భోజనం పెట్టే పూటకూళ్ళిల్లు క్రీడాభిరామంలో ఉండనే ఉంది. అన్నవిక్రయం పాపమని పెద్దలు ఒక పక్క అంటూనే ఉన్నారు, పూటకూళ్ళమ్మ మరో పక్క వడ్డిస్తూనే ఉంది. ఆవిడ లేకపోతే దారిన పోయేవాడి గతేమిటి?

ముసలాయనకీ వ్యాపారమంటే ఏవగింపు లేదు. గది అద్దె పైసలతో సహా లెక్కపెట్టుకున్నవాడే గదా! ఆయన గీసిన గీత వేరు. ఒకటి అమ్మకానికి వండిన కుండ, ఇంకోటి ఇంటికి వండిన కుండ. అతిథి అంటే తిథి చూసుకోకుండా వచ్చేవాడని మేం క్లాసులో చెబుతుంటాం. ముందుగా తేదీ, వారం రాసి గది పుచ్చుకున్నవాడు అతిథి ఎలా అవుతాడు? ఖాతాదారు అవుతాడు. ఆ రాత్రి మేం గదిలో ఖాతాదారులం, వంటింట్లో అతిథులం. ఒకే కప్పు కింద రెండూ ఇమిడాయి.

ఇప్పుడు మన కోనసీమలోనూ, అరకులోనూ ఇళ్ళు యాత్రికులకి అద్దెకిస్తున్నారు. మంచిదే, నాలుగు డబ్బులు వస్తాయి. కొడుకు బోర్డు రాయించినా నాకు బెంగ లేదు. రెండో కుండ పొయ్యి దిగిపోతేనే బెంగ. అదుందో లేదో బోర్డు చూస్తే తెలియదు. స్టీమరు రానిరోజున తెలుస్తుంది.

అంచేత ప్రయాణాలు చేసే పాఠకులకి ఒక్క మనవి. గది అద్దె దగ్గిర బేరమాడండి, తప్పులేదు. ఎవరైనా తమ కుండలోది వడ్డిస్తే మాత్రం వెంటనే పర్సు తియ్యకండి. కూర్చుని తినండి. మా ఆవిడ వంకాయ మరికాస్త వెయ్యమని అడిగినప్పుడు ఆ ఇల్లాలి మొహం ఎంత వెలిగిందో నేను చూశాను. అంత సంతోషం ఎనిమిది వందలు చేతికిచ్చినప్పుడు ఆ ఇంట్లో ఎవరి మొహంలోనూ కనిపించలేదు.