గడియారం కునుకు తీస్తే

"కంప్యూటరులో ఘంటసాల పాట పెడితే ఆట బాగా నడుస్తోంది, పాట ఆపితే పాడైపోతోంది" అని ఎవరైనా చెబితే మీరేమంటారో నాకు తెలియదు. నేనేమన్నానో మాత్రం దాచకుండా చెబుతాను. "ఒరే అబ్బాయ్, ఎండదెబ్బ తగిలినట్టుంది, కాస్త మజ్జిగ తాగి పడుకో" అన్నాను. ఆ మాట అన్నందుకు రెండు రోజుల తరవాత నేనే నాలిక కరుచుకోవలసి వచ్చింది.

ఇది 2019 వేసవి నాటి సంగతి. రాజమండ్రిలో మా చెల్లెలి ఇంట్లో పది రోజులున్నాను. మా మేనల్లుడు ఇంజనీరింగు రెండో ఏడు పరీక్షలు రాసి సెలవులకు వచ్చి ఉన్నాడు. వాడు సొంతంగా ఒక ఆట తయారు చేశాడు. కార్ల పందెం. ఎవరింట్లో వాళ్ళు కూచుని ఆడుకోవచ్చు. ఆడేవాళ్ళలో ఒకడు కాకినాడలో, ఒకడు వరంగల్లులో, ఇద్దరు హైదరాబాదులో. అందరూ అన్నదమ్ముల పిల్లలూ, వాళ్ళ స్నేహితులూను. ఎవరి కారు ఎక్కడుందో లెక్క కట్టి అందరికీ కబురు పంపే పెద్దమనిషి ఒకడు మధ్యన ఉండాలి గదా! ఆ పెద్దమనిషినే సర్వరు అంటారు. ఈ సర్వరు కాపురం మా చెల్లెలి హాల్లో, కుట్టుమిషను పక్కనున్న పాత కంప్యూటరులో.

మొదటి వారం ఆట అద్భుతంగా సాగింది. రెండో వారం తగాదా మొదలైంది. మా వాడు ఆడుతున్నంతసేపూ కార్లు నున్నగా పరుగెత్తేవి. వాడు భోజనానికి లేచాడో, మిగిలినవాళ్ళ కార్లు జట్కాబండ్లయిపోయేవి. నాలుగడుగులు ముందుకు పోయి, ఎవరో తోక పట్టుకు గుంజినట్టు వెనక్కి వచ్చేవి. వాడు తిరిగొచ్చి కూచుంటే మళ్ళీ అంతా సవ్యం.

ఒకసారైతే ఎవరూ అనుమానించరు. ప్రతిసారీ ఇలాగే జరిగితే ఏమనుకుంటారు? "నువ్వు ఓడిపోగానే లేచిపోతావు, లేచిపోతూ మా ఆట చెడగొడతావు" అన్నాడు వాడి పెదనాన్న కొడుకు. మా వాడు ఒట్టు పెట్టుకున్నాడు. ఒట్లు ఎవరు నమ్ముతారు? మాట మీద మాట పెరిగి, ఆఖరికి టెలిఫోనులో పలకరింపులు కూడా నిలిచిపోయాయి. శ్రావణంలో ఆ ఇంట పెళ్ళి ఉంది. "అన్నయ్యా, వెధవ బొమ్మ కార్ల కోసం తోడికోడలు ముందు నేను తలెత్తుకోలేకుండా ఉన్నాను" అని మా చెల్లెలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బావగారు, "కొత్త కంప్యూటరు కొనిపారేస్తే సరి" అన్నారు. అప్పు చేసైనా కొనే మనిషి ఆయన.

ఇంతలో ఒక మధ్యాహ్నం మా చెల్లెలు కుట్టుపని చేసుకుంటూ కంప్యూటరులో పాటలు పెట్టుకుంది. మా వాడు ఆ పూట ఆడలేదు. ఆటలో ఉన్నవాళ్ళు మాత్రం, "ఇవాళ బుద్ధిగా ఉన్నాడే!" అని కబురు పంపారు. పాటలు ఆపగానే మళ్ళీ జట్కాబళ్ళు! వాడు పరుగెత్తుకొచ్చి నాతో చెప్పిన మాటే మొదట రాశాను.

మర్నాటికి నాకూ కుతూహలం పుట్టింది. "ఒరే, పాటలో మహిమ సంగతి తరవాత చూద్దాం. నీ సర్వరు ఒక లెక్కకూ ఇంకో లెక్కకూ మధ్య ఎంతసేపు తీసుకుంటోందో కాగితం మీద పెట్టించు" అన్నాను. వాడు పెట్టించాడు. పాట వస్తున్నప్పుడు 16, 16, 17 అని వరస. పాట ఆపితే 31, 31, 31. ఇవి మిల్లీసెకండ్లు, అనగా సెకండులో వెయ్యో వంతులు.

ఆ 31 చూడగానే దొంగ దొరికాడు. వాడెవరో చెప్పాలంటే ముందు సర్వరు దినచర్య చెప్పాలి.

ఆట సర్వరు ఎడతెగకుండా పనిచెయ్యదు. ఒకసారి అందరి కార్లూ ఒక్కొక్క అడుగు జరిపి, కబురు పంపి, కాస్సేపు నిద్రపోతుంది. లేచి మళ్ళీ అదే పని. ఈ ఒక్కొక్క ఆవృత్తినీ టిక్కు అంటారు. మైన్‌క్రాఫ్ట్ అనే ఆట సర్వరుకు సెకండుకు 20 టిక్కులు చాలు. 2020లో వచ్చిన వాలరెంట్ అనే తుపాకుల ఆటకు 128 కావాలి. అంటే ఒక్కొక్క టిక్కుకు 8 మిల్లీసెకండ్లు కూడా లేవు. మా వాడు 16 మిల్లీసెకండ్లకొకటి పెట్టుకున్నాడు. లెక్కకు 2 పోగా, మిగిలిన 14 మిల్లీసెకండ్లూ నిద్ర. "పద్నాలుగు కాగానే నన్ను లేపు" అని కంప్యూటరుతో చెప్పి సర్వరు పడుకుంటుంది.

లేపేవాడు ఎప్పుడు లేపుతాడన్నదే అసలు ప్రశ్న. ధర్మసత్రంలో కాపలావాడున్నాడనుకోండి. వాడు పావుగంటకొకసారి మాత్రమే గదుల వెంట తిరుగుతాడు. వాడు వచ్చి వెళ్ళిన రెండు నిమిషాలకు మీరు, "సరిగ్గా పద్నాలుగు నిమిషాలకు లేపు" అని చీటీ పెట్టి పడుకున్నారు. పదిహేనో నిమిషాన వాడు వస్తాడు. మీ చీటీ ప్రకారం పదహారో నిమిషం కావాలి; ఇంకా ఒక్క నిమిషం ఉంది. "పాపం, నిద్రపోనీ" అని వెళ్ళిపోతాడు. మళ్ళీ వచ్చేది ముప్ఫయ్యో నిమిషానికి! ఒక్క నిమిషం తేడాకు మీ రైలు వెళ్ళిపోయింది. తప్పు మీదీ కాదు, వాడిదీ కాదు.

విండోస్ కంప్యూటరులో కాపలావాడు మామూలుగా సెకండుకు 64 సార్లు తిరుగుతాడు. అంటే 15.625 మిల్లీసెకండ్లకొకసారి. రెండు చుట్లు కలిస్తే 31.25. మా వాడి కాగితంలో ఉన్నది అదే. సెకండుకు 60 పైచిలుకు టిక్కులు రావలసిన చోట 32 వచ్చాయి. సర్వరు దగ్గర కార్లు సగం వేగానికి పడిపోయాయి. ఆడేవాళ్ళ ఇళ్ళలో తెరల మీద మాత్రం పూర్తి వేగంతో పోతున్నట్టు కనిపించాయి. సర్వరు కబురు అందగానే వెనక్కి గుంజినట్టయేది.

మరి పాట మాటేమిటి? పాట తెగిపోకుండా వినిపించాలంటే సన్నని కాలం లెక్క కావాలి. అందుకని పాటలు వినిపించే ప్రోగ్రాము కాపలావాణ్ణి పిలిచి, "నువ్వు మిల్లీసెకండుకొకసారి తిరుగు" అని చెబుతుంది. ఆడుకునే ఆట తెర కూడా అలాగే చెబుతుంది. ఆ రోజుల్లో విండోస్‌లో ఒక్క బసగాడు అడిగితే సత్రం మొత్తానికీ ఆ తిరుగుడే! మా వాడు ఆడుతున్నప్పుడు వాడి ఆట తెర అడిగింది, సర్వరు లాభపడింది. వాడు లేచిపోగానే కాపలావాడు పాత పద్ధతికి మళ్ళాడు. పాపం, నింద వాడి మీద పడింది.

ఈ చిట్కా కొత్తదేమీ కాదని తరవాత తెలిసింది. కౌంటర్ స్ట్రైక్ సర్వర్లు విండోస్‌లో నడిపినవాళ్ళు పక్కన మీడియా ప్లేయరు తెరిచి ఉంచేవారు. మైన్‌క్రాఫ్ట్ సర్వరులోనైతే ఒక కుంభకర్ణుణ్ణే పెట్టారు. వాడికి వేరే పని లేదు. 2,147,483,647 మిల్లీసెకండ్లు, అనగా దాదాపు 25 రోజులు, ఒక్క బిగిని నిద్రపోవడమే. జావా భాషలో అటువంటి నిద్ర అడిగితే విండోస్ గడియారం సన్నగా తిరగడం మొదలెడుతుంది. ఒకడు నిద్రపోయినందువల్ల మరొకడు వేళకు లేవడం అక్కడే చూశాను.

"అసలు ఎప్పుడూ మిల్లీసెకండుకొకసారి తిరగవచ్చు గదా, బద్ధకమెందుకు?" అని మా చెల్లెలు అడిగింది. అడగవలసిన ప్రశ్నే. తిరిగిన ప్రతిసారీ పని ఆగుతుంది, కరెంటు ఖర్చవుతుంది. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. అందుకే పెద్దలు పొదుపుగా పెట్టారు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో గడియారం సెకండుకు 18 సార్లకు కాస్త పైగా మాత్రమే కొట్టేది. లినక్స్‌వారు కూడా మొదట 100 పెట్టుకుని, 2003లో 1000కి పెంచి, 2005లో 250కి దిగి, 2007లో ఈ చుట్లతో నిమిత్తం లేకుండా, అవసరమైన క్షణానికే అలారం పెట్టే పద్ధతి తెచ్చుకున్నారు. ఎంత తరచుగా అన్నది ఇంటి బడ్జెటు వంటిదే. ఒక చోట పెంచితే ఇంకో చోట తగ్గించాలి.

మా వాడు రెండు మార్పులు చేశాడు. మొదటిది, ఆడేవాడు ఒక్కడైనా వచ్చినప్పుడు సర్వరే మిల్లీసెకండు గడియారం అడిగి తీసుకుంటుంది. అందరూ వెళ్ళిపోగానే తిరిగి అప్పజెబుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. లేవగానే, "పదహారు మిల్లీసెకండ్లయాయి" అని అనుకోకుండా, నిజంగా ఎంత కాలం గడిచిందో చూసుకుని, ఆలస్యమైతే రెండడుగులు వేయించి బాకీ తీర్చేస్తుంది. కొత్త కంప్యూటరు అవసరం లేకపోయింది.

ఈ రెండో జాగ్రత్త మంచిదే అయింది. 2020లో విండోస్ 10లో వచ్చిన మార్పుతో, ఎవరు అడిగితే వాళ్ళకే సన్నని లెక్క; పక్కవాడు అడిగాడని అందరినీ వేళకు లేపే పద్ధతి పోయింది. ఇప్పుడు ఎవరైనా పాటలు పెట్టుకు కూచుంటే పాటలే మిగులుతాయి.

ఆ రాత్రి మా వాడు రెండు కాగితాలనూ ఫొటో తీసి పెదనాన్న కొడుక్కి పంపాడు. ఒకదాని నిండా 31లు, ఇంకోదాని నిండా 16లు. కింద ఒక్క ముక్క కూడా రాయలేదు. అరగంట దాకా జవాబు లేదు. మా చెల్లెలు అన్నం వడ్డిస్తూ నాలుగుసార్లు ఆ ఫోను వంక చూసింది. ఆఖరికి ఫోను మోగింది.

"ఒరే, పిన్నికి ఇవ్వు" అన్నాడట ఆ కుర్రవాడు. చెల్లెలు ఫోను తీసుకుంది. "పిన్నీ, వాణ్ణి అనరాని మాటలన్నాను. పెళ్ళికి రెండు రోజులు ముందే రండి" అన్నాడు. మా చెల్లెలు, "అలాగేలేరా నాయనా" అని, గరిటె చేతిలో పట్టుకునే కాస్సేపు అలా నిలబడిపోయింది.

నేను రాసేవాణ్ణి గనుక నీతి ఒకటి చెప్పాలని చెయ్యి దురద పెడుతోంది. కాని నేనూ ఆ కుర్రాడికి మజ్జిగ తాగి పడుకోమని చెప్పినవాణ్ణే. కాబట్టి ఒక్క మాటతో సరిపెడతాను. మీ ఇంట్లో కుర్రవాడు నమ్మశక్యం కాని సంగతి చెబితే కోప్పడకండి. ఒక కాగితం ఇచ్చి, అంకెలు వేసుకు రమ్మనండి. అబద్ధమైతే అక్కడే తేలిపోతుంది. నిజమైతే, ఒక మనిషి మీది నింద తొలగిపోతుంది.