మిద్దె మీది మన్ను

మా ఊళ్ళో ఇల్లు కట్టినవాడు మా తాత. ఆ ఇంటి మీద ఏటేటా మన్ను పోయించినవాడు మా నాన్న. దాన్ని దింపించే పని నా వంతుకు వచ్చింది.

ఇల్లంటే లోగిలి, మండువా అనుకునేరు. అనంతపురం నుంచి కళ్యాణదుర్గం పోయే దారిలో బస్సు దిగి మైలు దూరం నడిస్తే వచ్చే పల్లెలో ఒక మట్టి మిద్దె. ముందు వసారా, నడిమిల్లు, వెనక వంటిల్లు, అంతే. నేను అనంతపురంలో పాఠాలు చెప్పుకుంటూ అద్దె ఇంట్లో ఉంటున్నాను. మా అమ్మ మాత్రం ఊరు వదలలేదు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, నడిమింట్లో నులక మంచం వేసుకుని, ఆ మంచానికి సరిగ్గా పైన ఉన్న దూలం కిందనే ఇన్నేళ్ళూ నిద్రపోయింది.

కోస్తా జిల్లాల పాఠకులకు మట్టి మిద్దె సంగతి కొంచెం చెప్పాలి. గోడలకు అడ్డంగా దూలాలు, దూలాల మీద దగ్గర దగ్గరగా దంతెలు. మా ఇంటికి దూలాలు తుమ్మవి, దంతెలు వేపవి. వాటి మీద తంగేడు కంప, కంప మీద బోద, బోద మీద ఎర్రమన్ను తడిపి తొక్కి పరుస్తారు. అన్నిటికీ పైన చవుడు. చవుడంటే చవిటి నేలలో దొరికే తెల్లని మన్ను. పూర్వం చాకళ్ళు బట్టలుతకడానికి వాడినది కూడా అదే. మట్టి మీద మళ్ళీ మట్టి పోస్తే వాన ఆగుతుందా అని నాకు చిన్నప్పుడు అనుమానంగా ఉండేది. ఆగుతుంది. చవుటిలో సోడియం లవణాలు ఎక్కువ. దానివల్ల తడి తగలగానే మట్టిరేణువులు విడివడి, మెత్తని పిండిలాగా కిందికి జారి, సన్న సన్న కంతలన్నిటినీ పూడ్చేస్తాయి. చవిటి నేలలో నీళ్ళు ఇంకకుండా నిలిచిపోవడానికి కారణం ఇదే. పొలానికి శాపమైన గుణం మిద్దెకు వరమైందన్నమాట. పైగా ఆ మన్నులో గడ్డి కూడా సరిగా మొలవదు.

ఇదంతా మా సీమలో సాగడానికి ఇంకొక కారణం మా వానలే. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అవతలనే పిండేసుకుంటాయి. ఈశాన్యపు వాన తూర్పు తీరం దాటి మా దాకా వచ్చేసరికి అలసిపోతుంది. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్లు కురిస్తే గొప్ప. అంత తక్కువ వానకు చవుడు చాలు. అందుకే రోహిణి కార్తెలో మా నాన్న చెరువు పక్కనున్న చవిటి బీడు నుంచి రెండు బండ్లు తోలించి, మృగశిర వచ్చేలోగా మిద్దె మీద పరిపించేవాడు.

చిక్కంతా ఈ పరిపించడంలోనే ఉన్నది. పోయినేటి చవుడు సగం వానకు కొట్టుకుపోతుంది, సగం నిలుస్తుంది. నిలిచిన దాన్ని ఎవరూ దింపరు, దాని మీదనే కొత్తది పోస్తారు. ఏడాదికి పావు అంగుళం మిగిలినా నలభై ఏళ్ళకు 10 అంగుళాలు. బరువుకు దూలం నడుమ కొంచెం వంగుతుంది. వంగిన చోట వాననీరు నిలుస్తుంది. నీరు నిలిచిందని మరుసటేడు అక్కడ ఇంకో నాలుగు తట్టలు ఎక్కువ పోస్తారు. దూలం ఇంకొంచెం వంగుతుంది. మా నాన్న జాగ్రత్తపరుడు గనుక, మా మిద్దె నడుమ మన్ను మిగతా అందరి మిద్దెలకంటే మందంగా ఉన్నది!

2021 నవంబరులో, చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన ఆ వానలకు, మా నడిమిల్లు మొదటిసారి కారింది. అమ్మ మంచం జరిపి, కారే చోట గంగాళం పెట్టి, నాకు ఫోనైనా చెయ్యలేదు. పక్కింటివాళ్ళు చెబితే తెలిసింది. అప్పటినుంచి నేను మిద్దె దింపిద్దామనడం, ఆమె వద్దనడం.

“మీ నాయన ఉండంగా ఒక చుక్క కారలేదు. చవుడు పోపిచ్చు, సరిపోతాది,” అనేది.

చివరికి పోయిన ఏడాది మార్చిలో ఒక మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్ళాను. అతను ఇంట్లోకి రాగానే మాటా మంతీ లేకుండా దూలాన్ని వేలి కణుపుతో కొట్టి చూశాడు. తలుపు తట్టినట్టు బోలుగా మోగింది. చిన్న ఉలి తీసుకుని గుచ్చితే, సగం దాకా దిగబడింది.

“సార్, చెదలు లోపలంతా తినేసినాయి. పైన తోలు ఒకటే ఉండాది.”

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. నడిమిల్లు 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. సగటున అడుగు మందం మన్ను అనుకున్నా 240 ఘనపుటడుగులు. తూకంలో సుమారు 11 టన్నులు. వాన పడితే తడి బరువు అదనం. తెలుగు ఎమ్మే చదివినవాడి లెక్క గదా అని, మా కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మిత్రుడికి ఫోన్ చేసి సరిచూపించుకున్నాను. తప్పు లేదన్నాడు. తప్పుంటే బాగుండునని నాకు ఉండినది.

పని మొదలైన రోజు అమ్మను పక్కింటి అరుగు మీద కూర్చోబెట్టాము. మేస్త్రీ ముందు మిద్దె ఎక్కలేదు. ఇంట్లోకి నీలగిరి గుంజలు తెప్పించి రెండు దూలాలకూ కింద ఆసరా నిలిపాడు. నేను గోడ అంచునుంచి తవ్వుకుంటూ వస్తే సులభం గదా అన్నాను. “అట్ల చేస్తే నడుమ బరువు నడుమనే ఉంటాది సార్. ముందు నడుమ తేలిక చెయ్యల్ల, తర్వాత రెండు పక్కలా సమంగా గోడల తట్టు పోవల్ల,” అన్నాడు. గడ్డపారతో పొడవడం లేదు, పారతో పైపైన గీరడమే. మనుషులు నిలబడడానికి గోడనుంచి గోడకు వాసాలు పరిచి, వాటి మీద పలకలు. తీసిన మన్నును మిద్దె మీద కుప్ప పెట్టకుండా తట్టకు తట్ట కిందికి. దుమ్ము లేస్తున్నదని నీళ్ళు చల్లబోతే చెయ్యి పట్టుకున్నాడు. ఆ పని ఎన్నోసార్లు చేసినవాడు గనుక అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. అడ్డమైన సలహాలిచ్చినవాణ్ణి నేనే.

ఇంతలో అమెరికానుంచి మా తమ్ముడి కూతురు వీడియోలో పలికింది. వాళ్ళూ పాత ఇల్లు కొనుక్కుని బాగు చేయించుకుంటున్నారట. అక్కడ ఇంటి కప్పుకూ గదికీ నడుమ ఉండే అటకలో, వెచ్చదనం బయటికి పోకుండా ఏదో ఒకటి నింపుతారు. వాళ్ళ అటకలో వెర్మిక్యులైట్ ఉన్నదట. అది అభ్రకం వంటి ఖనిజం, వేడి చేస్తే పేలాల్లా పొంగుతుంది. దాన్ని ముట్టుకోవద్దనీ, కదిలించవద్దనీ అక్కడి ప్రభుత్వం హెచ్చరిస్తుంది. కారణమేమంటే, ఆ దేశంలో వాడిన వెర్మిక్యులైటులో చాలా భాగం మోంటానా రాష్ట్రంలోని లిబ్బీ గనినుంచి వచ్చింది. ఆ గనిలో దానితోపాటు రాతినార కలిసి ఉండేది. 1990లో గని మూతపడ్డా అటకల్లో సరుకు అలాగే ఉన్నది. రాతినార దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ళ తరువాత కాన్సరై బయటపడుతుంది.

“పెదనాన్నా, మీరు మూతికి ఏం కట్టుకోలేదే!” అన్నది.

మాది ఉత్త మన్నమ్మా అని నవ్వాను గాని, తరువాత ఆలోచిస్తే ఆమె మాటలో న్యాయం ఉన్నది. మా బోదలో ఎలుకలు ఎన్ని తరాలు కాపురం చేశాయో! పనివాళ్ళందరికీ ముక్కుకు గుడ్డలు కట్టించాను. నాలుగు తేళ్ళు కూడా బయటపడ్డాయి. వాటికి గుడ్డలు పనిచెయ్యవు.

పొరలు పొరలుగా మన్ను వస్తున్నది. తెల్ల చారిక, ఎర్ర చారిక, మళ్ళీ తెల్లది. ఒకచోట రెండు తెల్ల పొరల నడుమ వేలెడు మందం ఎర్ర దుమ్ము. అదేమిటో నాకు అర్థం కాక ఒక పెళ్ళ కిందికి తెచ్చి అమ్మకు చూపించాను. “వాన లేని ఏండ్లు. చినుకే లేకుంటే చవుడు ఎవరు పోస్తారు? గాలికొచ్చిన దుమ్ము అది,” అన్నది. కరువును అలా చేతిలో పట్టుకుని చూడటం నాకు అదే మొదలు.

మధ్యాహ్నం అన్నాలప్పుడు చూస్తే అరుగు మీద అమ్మ లేదు. వెతికితే నడిమింట్లో ఉన్నది. ఊరగాయ జాడీ కోసం వెళ్ళిందట! పైన సగం తవ్విన మిద్దె, కింద గుంజల నడుమ వంగి జాడీ లాగుతున్న మా అమ్మ. జీవితంలో ఎన్నడూ లేనిది ఆమె మీద కేకలు వేశాను. జాడీ అక్కడే వదిలి, చెయ్యి పట్టి బయటికి తెచ్చాను. ఆమె అరుగు మీద మొహం అటు తిప్పుకుని కూర్చున్నది. భోజనం ముట్టలేదు.

సాయంత్రం నాలుగింటికి గోడవారన ఒక దంతె పటుక్కుమన్నది. పైనున్నవాడు పలక మీద ఉండటంవల్ల బతికిపోయాడు. దంతెతోపాటు పది తట్టల మన్ను, కంప, బోద ఒక్కసారిగా లోపలికి దిగాయి. దుమ్ము అణిగాక వెళ్ళి చూస్తే, అమ్మ మంచం ఉండే చోటు మోకాటి లోతు మన్ను కింద ఉన్నది. జాడీ పగిలి నూనె ఎర్రగా పారుతున్నది.

అమ్మ గడప దాకా వచ్చి చూసింది. ఏమీ అనలేదు. మరునాడు పొద్దున మేస్త్రీ రాకముందే లేచి, అతను రాగానే తానే చెప్పింది: “అంతా దింపేయ్ నాయనా. వంటింటిది కూడా చూడు.”

రెండో రోజుకు నడిమిల్లు ఖాళీ అయింది. నాలుగు ట్రాక్టర్ల మన్ను. కింది ఎర్రమన్ను ఒక రైతు పొలానికి తోలుకున్నాడు. పాత ఇంటి మన్నంటే మా దగ్గర ఎరువుతో సమానం. పై చవుడు మాత్రం ఎవరికీ వద్దు. దాన్ని మళ్ళీ ఆ చవిటి బీటికే పంపించాము.

తరువాత ఏమి వెయ్యాలన్నది ఇంకొక తగవు. బంధువులొకరు సిమెంటు రేకులు చౌక అన్నారు. ఆ రేకుల్లో కలిపేది మళ్ళీ రాతినారే. మాకు పక్కనున్న పులివెందుల ప్రాంతంలో ఆ రాయిని తవ్వినవాళ్ళున్నారు. రేకుల కింద మే నెల గడపడం సంగతి సరేసరి. సిమెంటు కప్పు వేయిద్దామంటే అమ్మ ఒకే మాట అన్నది: “పెనం కింద పండుకున్నట్లుంటాది.”

ఇది కూడా నా మిత్రుణ్ణి అడిగాను. అడుగు మందం మన్ను గుండా ఎండ వేడి లోపలికి దిగడానికి తొమ్మిది పది గంటలు పడుతుందన్నాడు. మిట్టమధ్యాహ్నపు వేడి ఇంట్లోకి వచ్చేసరికి నడిరేయి అవుతుంది. అది కూడా పదో వంతుకు తగ్గి వస్తుంది. ఆ వేళకు వేసవిలో ఇంట్లో పడుకునేదెవరు? అందరూ వాకిట్లోనో, మిద్దె మీదనో. నాలుగైదు అంగుళాల సిమెంటు కప్పయితే మూడు నాలుగు గంటల్లోనే, దాదాపు సగం వేడితో దిగుతుందట. అమ్మ పెనం మాటకు అతను లెక్క కట్టి ఇచ్చినట్లయింది.

చివరికి నాలుగు ఇనుప గర్డర్లు, వాటి మీద తాడిపత్రి బండలు, ఆపైన ఇటుకముక్కలు కలిపిన సున్నపు గచ్చు మూడంగుళాలు వాలుగా వేయించాము. బరువు 11 టన్నులనుంచి 6కు దిగింది. పైన తెల్లసున్నం కొట్టించాము. తెల్లని కప్పు ఎండను తిరగ్గొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల కోసం ఒక విధానమే ప్రకటించింది. ఇంత చేసినా మట్టి మిద్దె చల్లదనం రాలేదని ఒప్పుకోవాలి. మే నెలలో మూడు దాటితే అమ్మ మంచం వసారాలోకి వస్తున్నది. ఫ్యాను వేసుకోమ్మా అంటే, దాని గాలి వేడిగాలి అంటుంది.

ఒక్కటి మరిచిపోయాము. బండలు పరచడం అయిపోయి, గచ్చు వేసే ముందు రోజు అమ్మ లోపలికి వచ్చి పైకి చూసి, “గవాచి యాడ?” అన్నది. పాత మిద్దెకు నడుమ వెలుతురు కోసం ఒక కంత ఉండేది, వాన వస్తే కుండపెంకు మూసేవాళ్ళం. పొద్దున తొమ్మిదికి దాని వెలుగు తూర్పు... కాదు, పడమటి గోడ మీద పడి, దిగుతూ దిగుతూ పదకొండుకు రోటి దగ్గరికి వచ్చేది. ఆమె ఎసరు పెట్టేది ఆ వెలుగు చూసే. నాకు గాని మేస్త్రీకి గాని అది తట్టనే లేదు. అతను నవ్వి బండ కోసి కంత పెట్టి, పైన అద్దం బిగించాడు. కాని పాత చోట ఇప్పుడు గర్డరు ఉన్నది గనుక, మూరెడు పక్కకు జరపవలసి వచ్చింది.

మొన్న దసరా సెలవుల్లో వెళ్ళాను. పదకొండున్నర అయింది, పొయ్యి వెలగలేదు. ఆకలేస్తున్నదమ్మా అన్నాను. ఆమె నేల మీది వెలుగు వైపు చూసి, “ఇంకా రోటి కాడికి రాలేదు కదరా,” అని, మళ్ళీ తానే, “ఈ కొత్తది అరగంట ఆలస్యంగా నడుస్తాంది,” అంటూ లేచింది.