రెండు కొసల బస్సు స్టాండులు



మాది కోవిల్‌పట్టి ప్రాంతమున తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబము. మా ఆడపడుచును ఇచ్చినది నెల్లూరు. చెన్నపట్టణము మాకు దారి మాత్రమే.

2002లో కోయంబేడు స్టాండు తెరచిన తరువాత అక్కడే దిగి, అక్కడే నెల్లూరు బస్సు ఎక్కెడివారము. 2018లో ఆంధ్ర బస్సులను ఉత్తరాన మాధవరమునకు మార్చిరి. 2023 డిసెంబరులో దక్షిణాన కిళాంబాక్కం స్టాండు తెరచి, మా వైపు బస్సులను అక్కడే ఆపుచున్నారు. నడుమ సుమారు 40 కిలోమీటర్లు! ఊరిలో రద్దీ తగ్గించుటకన్నారు, కాదనను. కాని ఆ భారము మూటలు మోయు ముసలివారిపై పడవలెనా?

మొన్న అత్తగారితో తెల్లవారుజామున దిగితిని. సిటీ బస్సులు లేకపోలేదు. మాధవరం బస్సెక్కడ అని ముగ్గురిని అడుగగా మూడు వైపులు చూపిరి. ఆటో అతను అడిగినది కోవిల్‌పట్టి టికెట్టు కంటె ఎక్కువ. రెండు బస్సులు మారి చేరునప్పటికి ఎండ ఎక్కినది. కూతురిని చూడబోవు ఆమె, ఇక తనను తీసుకొనిరావద్దన్నది.

దక్షిణాది బస్సులు చేరు వేళలకు, సామానుకు చోటుండు బస్సులు కొన్ని నేరుగా మాధవరమునకు నడుపవలెను. అవి నిలుచు చోట పెద్ద అక్షరములతో బోర్డు కట్టవలెను. అందులో ఒక పంక్తి తెలుగున ఉన్నచో, తిరుగుదారిలో మాధవరమున దిగు నెల్లూరువారికి కూడ ఉపయోగము.

— ఒక ప్రయాణికురాలు,
కోవిల్‌పట్టి