ఇసుక తెలుసు, నీళ్ళు తెలియవు

ఇరకం పులికాట్ సరస్సు నడుమ ఇసుక మేట మీద వెలసిన దీవి. తిరుపతి జిల్లా తడ మండలంలోకి వస్తుంది. ఆర్కాడు ప్రాంతపు వేలూరు, గుడియాత్తం వాళ్ళు తిరుపతి, శ్రీకాళహస్తి మీదుగానో, చెన్నై పక్కనుంచి గుమ్మిడిపూండి మీదుగానో తడ చేరి, భీములవారిపాళెం రేవులో పడవ ఎక్కుతారు. దీవిలో తమిళమూ తెలుగూ రెండూ వినిపిస్తాయి కనుక ఆర్కాడు వాళ్ళకు అది పరాయి చోటనిపించదు. ఈ సరస్సుకు ప్రళయకావేరి అని తెలుగు పేరు. స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ చదివినవారికి ఈ దిబ్బల మీది బతుకు ఎలాంటిదో కొత్తగా చెప్పనక్కరలేదు.

మన దేశంలో చిలిక తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. సముద్రానికీ దీనికీ మధ్య శ్రీహరికోట అడ్డుగోడలా పరుచుకుని ఉంది. అక్టోబరు మొదలు డిసెంబరు దాకా కురిసే ఈశాన్య వానలకు అరణి, కాళంగి నదులు మంచినీళ్ళు తెచ్చి పోస్తాయి. సముద్రపు మొగల గుండా ఉప్పునీళ్ళు వస్తాయి. చాలాచోట్ల లోతు నడుము దాటదు. ఎండాకాలంలో నీళ్ళు తీసి మేటలు బయటపడతాయి. ఆంధ్ర వైపు భాగం 1976 నుంచి పక్షుల అభయారణ్యం. రాజహంసలు దిగే చలికాలమే సెలవుల కాలం కూడా కావడంతో జనం అప్పుడే ఎగబడతారు. రాత్రి బస చేయాలంటే ముందు అటవీశాఖ వారిని అడగాలి. మైకులు, టపాసులు, ప్లాస్టిక్ సంచులు ఇంట్లోనే వదిలి వెళ్ళాలి.

ఇలాంటి ఇసుక దీవుల్లో అచ్చెరువు కలిగించేది చెలమ. చుట్టూ ఉప్పునీళ్ళున్నా, వాన నీరు ఇసుకలోకి ఇంకి, బరువైన ఉప్పునీటి మీద పల్చని పొరగా తేలి నిలుస్తుంది. మూరెడో రెండు మూరలో తవ్వితే ఊరేది మంచినీళ్ళే. ఆశపడి ఇంకా లోతుకు తవ్వితే ఉప్పు తగులుతుంది. పాలారు నదిలో చెలమ తోడి బిందె నింపిన అవ్వలు ఇంకా మన ఇళ్ళలో ఉన్నారు. గుడారం వేసిన చోట పిల్లల చేత ఒక చెలమ తవ్విస్తే, పాఠ్యపుస్తకంలో లేని పాఠం ఒకటి వాళ్ళకు దక్కుతుంది.

సంక్రాంతి సెలవుల్లో మన తెలుగు సంఘ సభ్యుల కుటుంబాలు కొన్ని స్నేహితులతో కలిసి ఇరకం వెళ్ళి ఇసుకలో ఒక రాత్రి గడిపి వచ్చాయి. తిరిగి వచ్చేటప్పుడు సాయంత్రపు గాలికి పడవ పక్కకు కొట్టుకుపోయి మేటకు తగులుకుంది. మగవాళ్ళు దిగి తోశారు. వాళ్ళను చూసి ఇద్దరు పిల్లలూ దూకి మోకాళ్ళ దాకా అడుసులో దిగబడ్డారు. ఎవరికీ ఏమీ కాలేదు. పడవలో లైఫ్ జాకెట్లు ఉన్నాయి. తొడుక్కుంటే ఫొటోలు బాగుండవని పెద్దవాళ్ళే వాటిని కూర్చోవడానికి పరుచుకున్నారు.

అందరికీ ఇలా కలిసిరాలేదు. 2011 డిసెంబరు 25న ఇదే సరస్సులో పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. సెలవు రోజని సరదాగా వచ్చినవారే వాళ్ళంతా. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో మునిగిన పడవలో ఒంగోలు నుంచి వచ్చిన స్నేహబృందం ఉంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పాపికొండల యాత్ర పడవ మునిగింది. పడవ నడిపేవాడిదో, అనుమతి ఇచ్చినవాడిదో తప్పు తేల్చడానికి విచారణలు ఉంటాయి. పిల్లవాడి ఒంటి మీద జాకెట్ ఉందో లేదో చూసుకోవడానికి మాత్రం ఏ విచారణా అక్కరలేదు.

ఆర్కాడు పిల్లలకు ఇసుక తెలుసు, నీళ్ళు తెలియవు. వాళ్ళు పుట్టినప్పటి నుంచీ చూసిన పాలారు ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండిన ఇసుకే. 2021 నవంబరులో పాలారు నిండుగా పారితే, గుడియాత్తంలో కౌండిన్య నది ఒడ్డు దాటితే, జనం వంతెనల మీదికి తిరునాళ్ళకు వెళ్ళినట్టు వెళ్ళారు. ఇసుక తవ్వి వదిలేసిన గోతులు నీళ్ళ కింద ఎక్కడున్నాయో ఆ రోజు ఎవరికీ కనపడలేదు.

ముందు తరం ఇలా లేదు. పల్లెల్లో మోటబావులుండేవి. నడుముకు తాడు కట్టి, వీపున ఎండిన సొరబుర్ర బిగించి, మామయ్యో పెదనాన్నో మెట్టు మీది నుంచి తోసేవాడు. రెండు మునకలు, నాలుగు కేకలు అయ్యాక చేతులు వాటంతట అవే ఆడేవి. వారం గడిచేసరికి బుర్ర విప్పేసేవారు. నీటిమట్టం దిగిపోయి బావులు ఎండాయి, బోర్లు వచ్చాయి. తోళ్ళ శుద్ధి కర్మాగారాల మురుగుతో పాలారు పరీవాహకంలో నీళ్ళు చెడిపోయాయి. వేలూరు సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996లో గట్టి తీర్పే ఇచ్చింది. అయినా ఈత నేర్పే బావి తిరిగి రాలేదు. దాని బదులు ఏ ఏర్పాటూ ఇళ్ళల్లో జరగలేదు.

నీట్ కోచింగ్‌కు లక్షలు కట్టే ఇంట్లో ఈతకు నెల రోజులు కేటాయించడం కష్టమైన పనేమీ కాదు. ఆడపిల్లకు ఈతెందుకని అడిగే అత్తలు, నాయనమ్మలు ఒక్కమాట ఆలోచించాలి: పడవ తిరగబడితే నీళ్ళు ఆడా మగా చూడవు. అమ్మలూ అప్పలూ దయచేసి ఈ వేసవిని దాటనివ్వకండి.

ఈత వచ్చినవారికి కూడా సరస్సులో కొన్ని కట్టుబాట్లు తప్పవు. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి పెరుగుతుంది కనుక పొద్దున్నే తిరుగు ప్రయాణం పెట్టుకోవాలి. పడవ ఎంతమందిని మోస్తుందో ఎక్కకముందే అడగాలి, మించితే రెండో పడవ మాట్లాడుకోవాలి. అడుసులో కాలు దిగబడితే గింజుకోకుండా వెనక్కి వాలి, ఒక్కో కాలే మెల్లగా లాగాలి. మునుగుతున్నవారి కోసం వెంటనే దూకకుండా ముందు తాడో, మూత బిగించిన ఖాళీ నీళ్ళ డబ్బానో విసరాలి.

ఏప్రిల్ సెలవుల్లో సంఘం ఈత తరగతులు పెడుతోంది. ఆడపిల్లలకు ఉదయం వేరుగా ఉంటాయి. కార్యాలయంలో పేర్లివ్వాలి. ఈతతో పాటు తెలుగు చదవడమూ రావాలి, కానీ సంఘం ఆదివారం తెలుగు తరగతికి వచ్చేవారు తగ్గిపోతున్నారు. రేవులో తెలుగు హెచ్చరిక పలక చదవలేక తండ్రి మొహం చూసే పిల్లల సంఖ్య పెరగడం మంచిది కాదు.