హెల్మెట్ ఉందిగా అంటే చాలదు

ఈ వారం పప్పూ పచ్చడీ కాస్త పక్కన పెట్టి ఒక ఆట సంగతి చెబుతాను. ఆటతో మనకేం పని అంటారేమో, పిల్లల తల్లులకి పని ఉంది.

మా చెల్లెలు వాళ్ళు టెక్సాస్‌లో, డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటారు. వాళ్ళ అబ్బాయి ఏడో క్లాసుకి రాగానే స్కూల్లో అమెరికన్ ఫుట్‌బాల్‌లో చేరాడు. పేరుకే ఫుట్‌బాల్. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తడం, ఎదుటివాడు వచ్చి గుద్ది పడెయ్యడం. మన కబడ్డీకి పొట్టేళ్ళ పందెం కలిపినట్టుంటుంది. 2012లో మన దేశంలో కూడా ఒక లీగ్ పెట్టి హైదరాబాద్ స్కైకింగ్స్ అని జట్టు కట్టారుగానీ, మనవాళ్ళకి అది అంటలేదు.

మొదటిరోజు ఆ సరంజామా అంతా తొడుక్కుని ఫోన్లో కనబడితే "ఒరేయ్, వీరభద్రుడిలా ఉన్నావురా" అన్నాను. హెల్మెట్, ముఖానికి ఊచలు, భుజాలకి షోల్డర్ ప్యాడ్లు, నడుముకీ తొడలకీ మోకాళ్ళకీ మెత్తలు, పళ్ళకి మౌత్‌గార్డు. ఈ మౌత్‌గార్డు భలే వస్తువు. వేడినీళ్ళలో వేస్తే మైనంలా మెత్తబడుతుంది, అప్పుడు నోట్లో పెట్టుకుని కొరికితే ఆ పళ్ళ అచ్చే పడుతుంది.

హెల్మెట్ స్కూలువాళ్ళే ఇచ్చారు. మా చెల్లెలు "వచ్చే ఏడుకి కూడా వస్తుంది, ఒక సైజు పెద్దది అడగరా" అందిట! పండక్కి గౌను కొన్నట్టు. అదే పెద్ద పొరపాటు. హెల్మెట్ అంచు కనుబొమ్మలకి పైన రెండు వేళ్ళ ఎడంలో ఉండాలి. బుగ్గలకి మెత్తలు ఆనాలి. ఊచలు పట్టుకుని అటూ ఇటూ తిప్పితే నుదుటి చర్మం కూడా కదలాలి. హెల్మెట్ ఒక్కటే తిరిగిందంటే వదులన్నమాట. జుట్టు కత్తిరించుకున్నాక మళ్ళీ ఒకసారి చూసుకోవాలి. వెనక నాక్సీ అనే సంస్థ ముద్ర ఉండాలి, మన ఐ.ఎస్.ఐ. మార్కు లాంటిది. ఆ ప్రమాణం 1973లో వచ్చింది. 1968లో ఆ ఆటలో దెబ్బలు తగిలి 36 మంది చనిపోయారు. తర్వాత హెల్మెట్లు బాగుపడ్డాయి, తలతో గుద్దకూడదని 1976లో నియమం పెట్టారు. 1990లో అలా ఒక్కరు కూడా పోలేదు.

ఇదంతా విని నేనూ నిశ్చింతగానే ఉన్నాను.

ఒకరోజు వాడు నాకు ఫోన్ చేశాడు. మాట ముద్దగా ఉంది. గదిలో చీకటి. "లైటెయ్యరా" అంటే "కళ్ళు గుచ్చుకుంటున్నాయి పెద్దమ్మా" అన్నాడు. నెమ్మదిగా అడిగితే అప్పుడు చెప్పాడు. ముందురోజు ప్రాక్టీసులో ఇంకోడి తలా వీడి తలా కొట్టుకున్నాయిట. అప్పట్నుంచీ తలనొప్పి, వాంతి వచ్చినట్టుంది. "అమ్మకి చెప్పొద్దు పెద్దమ్మా, చెబితే ఆటలోంచి తీసేస్తారు. హెల్మెట్ ఉందిగా, ఏం కాలేదు" అని ఒట్టు వేయించుకోబోయాడు.

నేను ఒట్టు వెయ్యలేదు. వెంటనే చెల్లెలికి ఫోన్ చేశాను. అది "నిద్ర చాలక అనుకున్నానే అక్కా" అని ఏడ్చింది.

డాక్టరు కంకషన్ అన్నారు. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుందిగానీ లోపలి మెదడు కదలకుండా ఆపలేదుట. నాకైతే కురిడీ కొబ్బరికాయ గుర్తొచ్చింది. ఎంత మందపు గుడ్డలో చుట్టండి, ఊపితే లోపల కుడుక గుడగుడలాడుతుందా లేదా? అంతే. ఆ మెదడు కుదుటపడకముందే రెండో దెబ్బ తగిలితే వాచిపోయి ప్రాణం మీదికే రావచ్చుట, అందులోనూ పిల్లలకి. అందుకే టెక్సాస్‌లో 2011లో చట్టం చేశారు. అనుమానం వస్తే ఆరోజుకి ఆట బంద్. మళ్ళీ ఆడాలంటే డాక్టరు రాసివ్వాలి, తల్లో తండ్రో సంతకం పెట్టాలి. చట్టం ఉన్నా పిల్లాడు నోరు విప్పకపోతే ఎవరికి తెలుస్తుంది చెప్పండి? తలనొప్పి, వాంతి, వెలుతురు పడకపోవడం, అడిగిందే అడగడం, ఊరికే చిరాకు: వీటిలో ఏది కనబడినా ఊరుకోకండి. మనూళ్ళో కార్క్ బాల్‌తో క్రికెట్ ఆడే పిల్లలకైనా ఇంతే.

అన్నట్టు, ఆ ప్యాడ్ల చెమట కంపు సంగతి కూడా చెప్పాలి. హెల్మెట్‌ని తేలికపాటి సబ్బునీళ్ళలో ముంచిన గుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టాలి. ఎండలో పెట్టకూడదు, కిరసనాయిలూ థిన్నరూ లాంటివి తగలనివ్వకూడదు. లోపల వేసుకునే బట్టలు ఏరోజువి ఆరోజు ఉతకాల్సిందే, లేకపోతే చర్మానికి జబ్బులు పట్టుకుంటాయి.

వాడు మూడు వారాలు ఇంట్లోనే ఉన్నాడు. నాతో మాట్లాడలేదు. చాడీలు చెప్పానని అలక! మొన్న డాక్టరు సరేనన్నాక వాడే ఫోన్ చేశాడు. ఇంకా మూతి ముడుచుకునే, హెల్మెట్ పెట్టుకుని, ఊచలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూపించాడు. నుదురు కదిలింది. వెనక మా ఆయన బండి తాళాలు తీసుకుని హైవే మీదుగా జగ్గయ్యపేట బయల్దేరుతున్నారు. "పెదనాన్న హెల్మెట్‌కి పట్టీ పెట్టుకోలేదు పెద్దమ్మా" అన్నాడు.