కవరు మీద రెండు పేర్లు

ఈ సంచికలో ‘ఎ మీటింగ్ బై ద రివర్’ మీద వ్యాసం ఉంది. రై కూడర్, విశ్వమోహన్ భట్ కలిసి చేసిన ఆల్బమ్ అది. మొదట మా చేతికొచ్చిన ప్రతిలో 1994 నాటి ఆల్బమ్ అనీ, ఇద్దరే వాయించారనీ, అందులోని నాలుగు రచనలూ హిందుస్తానీ రాగాలేననీ ఉంది. ఒక్క వాక్యంలో మూడు తప్పులు! 1994 గ్రామీ వచ్చిన ఏడాది. ఆల్బమ్ 1993లో వెలువడింది, రికార్డు చేసింది 1992లో. కవరు మీద పేర్లు రెండే అయినా, లోపలి కాగితం విప్పితే ఇంకో ఇద్దరు కనిపిస్తారు: తబలా సుఖ్విందర్ సింగ్ నామ్‌ధారీ, దుంబెక్ (ఒక రకం చేతి డోలు) కూడర్ కొడుకు జోయాకిమ్. (మన కచేరీ సమీక్షల్లో మాత్రం, మృదంగం వాయించినాయనకు అర వాక్యం దక్కితే గొప్ప.) ఇక నాలుగూ రాగాలేం కావు: చివరిదైన ‘ఈసా లేయి’ ఫిజీ దీవుల వీడ్కోలు పాట.

ఇద్దరూ పరిచయమై గంట కూడా కాకముందే రికార్డింగుకు కూర్చున్నారన్న ముక్క మరీ సినిమా కథలా తోచి కొట్టేయబోయాను. తీరా చూస్తే అదే నిజం. ఉంచాం.

మీ ఇంట్లో పాత క్యాసెట్లుంటే పాడైనవి పారేసినా, వాటి అట్టలు మాత్రం దాచండి; వాయించినవాళ్ల పేర్లు దొరికేది వాటి మీదే. వీలైతే ఫొటో తీసి మాకు పంపండి.